ఎర్ర మ్యాపు, ఐదుగురు వాచర్లు: నల్లమలలో రెండు ఫైర్ సీజన్ల కేస్ స్టడీ

మొదటి మీటింగ్‌లోనే మా పరువు పోయింది, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

అటవీ శాఖ రేంజ్ ఆఫీసు వెనక రేకుల షెడ్డు. గోడకి తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టర్ పెట్టాం. మా వైపు ఇద్దరు రీసెర్చర్లు, నేను. అటు రేంజ్ ఆఫీసర్, ఆయన కింద సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ల కింద ఒక్కో అడవి ముక్కని (బీట్) చూసుకునే బీట్ ఆఫీసర్లు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ ఫైర్ వాచర్లు. వాచర్లలో చాలామంది చెంచులు. మేం చూపించింది ఫైర్ రిస్క్ మ్యాపు. పాత శాటిలైట్ డేటా, కొండ వాలు, ఎండ పడే దిక్కు, చెట్ల రకం, దారికీ ఊరికీ ఉన్న దూరం, ఇవన్నీ కలిపి నెలల తరబడి చేసిన పని. ఎరుపు ఉన్న చోట ప్రమాదం ఎక్కువ అని చెప్పాం. చూస్తే రేంజ్‌లో ముప్పావు వంతు ఎర్రగానే ఉంది. ఆకు రాల్చే ఎండు అడవికి మార్చి నెలలో వేరే రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక బీట్ ఆఫీసర్, పాతికేళ్లుంటాయేమో, లేచి అన్నాడు: "సార్, ఎర్రగ ఉంటదని మాకు తెలుసు. నాకున్నది ఐదుగురు వాచర్లు. రేపు పొద్దున వాళ్లని ఏ గట్టు మీద కూర్చోబెట్టాల్నో అది చెప్పండి."

మా దగ్గర జవాబు లేదు. ఇంతలో టీ వచ్చింది, అందరం టీ తాగాం.

నా పని రిమోట్ సెన్సింగ్, అంటే శాటిలైట్ బొమ్మల నుంచి నేల సంగతి చదవడం. ఒక పరిశోధన బృందానికీ ఒక అటవీ డివిజన్‌కీ మధ్య కాంట్రాక్టు మీద రెండు ఫైర్ సీజన్లు, అంటే జనవరి నుంచి మే దాకా రెండుసార్లు, అటూ ఇటూ తిరిగాను. సంస్థ పేరు, రేంజ్ పేరు రాయడం లేదు, ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. నల్లమల, తెలంగాణ వైపు అనుకోండి చాలు. ఇలాంటి పనికి అమెరికాలో ఏకంగా ఒక ఏర్పాటే చేశారు. అక్కడ 1998లో జాయింట్ ఫైర్ సైన్స్ ప్రోగ్రామ్ అని పెట్టారు, తర్వాత దాని కింద ప్రాంతాల వారీగా 15 ఫైర్ సైన్స్ ఎక్స్ఛేంజ్‌లు వచ్చాయి. మంటల మీద పరిశోధన చేసేవాళ్లనీ అడవిని చూసుకునేవాళ్లనీ ఒక చోట కూర్చోబెట్టి మాట్లాడించడమే వాటి ఉద్యోగం. ఇక్కడ ఆ ఉద్యోగం ఎవరికి తగులుకుంటే వాళ్లు చేస్తారు. ఆ రెండేళ్లు నాకు తగులుకుంది.

ముందు ఎస్ఎంఎస్ సంగతి

అడవిలో మంట కనిపిస్తే బీట్ ఆఫీసర్ ఫోన్‌కి మెసేజ్ రావడం కొత్తేం కాదు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి శాటిలైట్ చూసిన మంటల సమాచారం ఇస్తోంది, 2019లో ఆ వ్యవస్థకి మూడో వెర్షన్ వచ్చింది. మన హైదరాబాద్ బాలానగర్‌లో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉంది, షాద్‌నగర్‌లో శాటిలైట్ డేటా దింపుకునే స్టేషన్ ఉంది. సమాచారానికి కరువు లేదు, కరువంతా నమ్మకానికే.

మేం వెళ్లేసరికి ఆ రేంజ్‌లో మెసేజ్‌ని ఎవరూ లెక్కచేయడం లేదు. ఎందుకని అడిగితే ఒక సెక్షన్ ఆఫీసర్ తన కథ చెప్పాడు. ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం మెసేజ్ వచ్చిందట. పాయింట్ ఫోన్‌లో పెట్టుకుని ఎండలో ఆరు కిలోమీటర్లు నడిచి వెళ్తే అక్కడ కాలిన పుల్ల కూడా లేదు. తిరిగొస్తుంటే అడవి అంచున ఒక రైతు పత్తి కట్టె కాల్చేసి, చెట్టు కింద కూర్చుని సద్ది తింటున్నాడు. "ఆ రోజు నుంచి మెసేజ్ వస్తే ముందు రైతులకి ఫోన్ చేస్త సార్, తర్వాత లేస్త."

నిజానికి ఆయన చేస్తున్నది తప్పేం కాదు. శాటిలైట్‌లో ఉండే వీర్స్ అనే సెన్సర్ నేలని 375 మీటర్ల గడులుగా చూస్తుంది. గడిలో ఎక్కడ మంట ఉన్నా మనకొచ్చే పాయింట్ మాత్రం గడి నడిమధ్యది. శాటిలైట్ సరిగ్గా నెత్తిన కాకుండా పక్క నుంచి పోయిన రోజు ఆ గడి ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి అంచున కాలిన పత్తి కట్టె లోపలి అడవిలో చుక్కగా పడటం మామూలే. ఈ ఒక్క ముక్క ఇన్నేళ్లలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు! జీపీఎస్ పాయింట్ అంటే గురి చూసి కొట్టినట్టు ఉంటుందనే అందరూ అనుకున్నారు, ఇవ్వాళ్టి ఫోన్ మ్యాపులు చూసి ఎవరైనా అలాగే అనుకుంటారు కదా. 375 మీటర్లంటే ఎంతో చూపించడానికి రేంజ్ ఆఫీసు గేటు నుంచి టేపుతో రోడ్డు వెంట నడిచాం. హైస్కూలు ప్రహరీ దాటి, కిరాణా కొట్లు దాటి, వాటర్ ట్యాంకు దాకా వచ్చింది. ఆ గంట నడక మా స్లైడ్లన్నిటికంటే ఎక్కువ పని చేసింది.

రెండోది టైము. వీర్స్ ఉన్న శాటిలైట్లు మన మీదుగా ఇంచుమించు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరకి పోతాయి. మూడింటికి అంటుకుని రాత్రి పదికల్లా ఆరిపోయిన మంట వాటికి కనిపించదు. మెసేజ్ రాలేదంటే మంట లేదని పై ఆఫీసుల్లో అనుకుంటారు, కింద వాచర్లు మాత్రం మసి కొట్టుకుని ఉంటారు.

మూడోది లెక్కలు. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే. పాత మోడిస్ సెన్సర్ గడి కిలోమీటరు, వీర్స్‌ది 375 మీటర్లే కదా, చిన్న మంటలు కూడా పట్టేస్తుంది. 2020 నవంబరు నుంచి 2021 జూన్ దాకా దేశం మొత్తంలో మోడిస్ పట్టినవి 52,785 అయితే, అవే నెలల్లో వీర్స్ పట్టినవి 3,45,989. అడవి అదే, మంటలు అవే, చూసే కన్ను మారింది. పైగా ఒక్కో చుక్క ఒక్కో మంట కాదు, ఒకే మంట నాలుగు గడుల మీద ఉంటే నాలుగు చుక్కలు. ఈ తేడా ఎవరూ విప్పి చెప్పకపోతే ఏమవుతుంది? రివ్యూ మీటింగ్‌లో రెండు సెన్సర్ల అంకెలు ఒకే బార్ చార్టులో పెట్టి "మీ దగ్గర ఫైర్లు ఇన్ని రెట్లు పెరిగాయేంటి" అని నిలదీస్తారు. మా రేంజ్ ఆఫీసర్ అలా నిలబడి వచ్చిన మనిషే. అందుకే మమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు ఆయన చూపు అలా ఉంది.

పేర్ల లిస్టు

మెసేజ్ వచ్చింది సరే. లోపల సిగ్నల్ ఉండదు, బేస్ క్యాంపుకి వైర్‌లెస్ సెట్‌లోనే చెప్పాలి. "పదహారు పాయింట్ రెండు ఏడు మూడు..." అని చదివితే అవతల ఎవరికి ఏం అర్థమవుతుంది? ఒకసారి రెండు అంకెలు తారుమారై ఒక టీమ్ పక్క లోయలోకి దిగింది కూడా.

ఒక వాచర్, అరవై దాటిన చెంచు పెద్దాయన, అందరూ తాతా అనే పిలుస్తారు, మా మ్యాపు చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పి చూశాడు. చూసి, "ఇందులో మా అడివి ల్యాదు" అన్నాడు. ఉన్నవన్నీ కంపార్ట్‌మెంట్ నంబర్లు, అంటే శాఖ అడవిని ముక్కలు చేసి వేసుకున్న నంబర్లు. ఆయనకి అడవి అంటే పేర్లు: ఈ గుండం, ఆ లొద్ది (లోయ), ఎలుగుబంటి పడ్డ బండ, ఫలానా ఊట. చాలా పేర్లు నీళ్ల చుట్టూనే తిరుగుతాయి, ఎందుకంటే అక్కడ బతుకంతా నీళ్ల చుట్టూనే.

సరే అని జనవరిలో మూడు వారాలు తాతతో, ఇంకో ఇద్దరు వాచర్లతో నడిచాం. వాళ్లు ఆగిన చోటల్లా పేరు అడిగి పాయింట్ తీసుకున్నాం. ఒక్కోచోట ముగ్గురూ మూడు పేర్లు చెప్పేవాళ్లు, అరగంట వాదన, చివరికి రెండు పేర్లు మిగిలితే అవి రాసుకునేవాళ్లం. నా చదువు మొత్తం మీద ఇంత శ్రద్ధగా ఫీల్డ్ నోట్స్ రాసింది లేదు. ఆ పేర్లతో ఏ3 సైజు మ్యాపు తెలుగులో వేయించి, లామినేషన్ చేయించి, బేస్ క్యాంపుల్లో గోడకి మేకులు కొట్టాం. దాని మీద 375 మీటర్ల గడులు కూడా గీశాం. ఇప్పుడు మెసేజ్ వస్తే రేంజ్ ఆఫీసులో కూర్చున్న అమ్మాయి పాయింట్ చూసి గడి చూసి సెట్‌లో చెప్పేది ఇంతే: "పెద్ద గుండం మీది లొద్ది, తూర్పు గట్టు వైపు ఒక గడి." అవతల నుంచి వెంటనే, "ఆఁ, తెలిసింది."

పేపర్లో రాసుకోవడానికి ఇందులో కొత్త సైన్స్ ఏమీ లేదని మా బృందంలోనే ఒకాయన అన్నాడు. నిజమే, ఏమీ లేదు.

మెమో భయం

ఇక అసలు ముడి దగ్గరికొద్దాం. శాటిలైట్ చూసినదాన్ని నేల మీద వెళ్లి చూసొచ్చి, ఎంత కాలింది, ఎందుకు కాలింది అని రాసి పంపాలి. ఫామ్‌లో పద్దెనిమిది గళ్లు ఉన్నాయి. పాత ఫామ్‌లు తిరగేస్తే దాదాపు అన్నిట్లో కాలిన విస్తీర్ణం "1 హెక్టారు" లేదా అంతకంటే తక్కువ, కారణం దగ్గర "తెలియదు". మా రీసెర్చర్లు ఇదే డేటాతో తమ మోడల్ సరిచూసుకుంటున్నారు! ఒక రోజు వాళ్లు సెంటినెల్-2 బొమ్మల్లో, అంటే యూరప్ వాళ్ల ఉచిత శాటిలైట్, 10 మీటర్ల వివరం ఉంటుంది, కాలిన మచ్చలు కొలిచి చూస్తే ఫామ్‌లో ఒక హెక్టారు ఉన్న చోట కొండ సగం నల్లగా ఉంది. "అండర్ రిపోర్టింగ్ మీద మంచి పేపర్ వస్తుంది" అని సంబరపడ్డారు.

నేను ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపోలేదు. ఎందుకంటే ఆ ఒక హెక్టారు ఎక్కడి నుంచి వస్తుందో అప్పటికి నాకు తెలుసు. ఎక్కువ రాస్తే మెమో వస్తుంది. నువ్వు బీట్‌లో లేవా, ఫైర్ లైన్ ఎందుకు శుభ్రం చేయలేదు, సంజాయిషీ ఇవ్వు. కారణం రాస్తే ఇంకో తలనొప్పి: అభయారణ్యంలో నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి చట్టం 30వ సెక్షన్ కింద నేరం. "ఇప్పపువ్వు ఏరేవాళ్లు" అని రాస్తే కేసు కట్టాలి, కేసంటే రోజూ ముఖం చూసే పెంటలోని (చెంచుల గూడెంలోని) మనిషి మీద. వాచర్ అన్న కూతురే కావచ్చు. కాబట్టి తెలియదు.

మా ఇద్దరు రీసెర్చర్లతో గట్టిగానే గొడవపడ్డాను. పేపర్ వేస్తే ముందు బలయ్యేది ఆ పాతికేళ్ల బీట్ ఆఫీసరే, ఆ తర్వాత ఈ రేంజ్ గేటు మనకి ఎప్పటికీ తెరుచుకోదు, పక్క రేంజ్‌ది కూడా. చివరికి రేంజ్ ఆఫీసర్ ముందు కూర్చుని ఒక ఒప్పందానికొచ్చాం, కాగితం మీద కాదు, నోటిమాటగా. కాలిన మచ్చల మ్యాపు ముందు రేంజ్‌కే వస్తుంది, వాళ్లు కాలినడకన చూసొచ్చి తప్పొప్పులు చెప్పాకే ఇంకెవరికైనా. విస్తీర్ణం బీట్ల వారీగా కాకుండా వాగుల వారీగా లెక్కేస్తాం, ఏ వాగు పరీవాహకంలో ఎంత అని, అప్పుడు అది ఏ ఒక్క మనిషి మెడకీ చుట్టుకోదు. బీట్‌కీ బీట్‌కీ పోటీ పెట్టే టేబుల్ ఎక్కడా ఉండదు. పద్దెనిమిది గళ్ల ఫామ్ పై ఆఫీసుకి వెళ్లేది ఎలాగూ వెళ్తుంది, దాన్ని మేం ముట్టుకోలేం. మా కోసం మాత్రం వాట్సాప్‌లో నాలుగు ప్రశ్నలకి వాయిస్ మెసేజ్: ఎక్కడ, ఎప్పుడు చూశారు, ఏం కాలింది (గడ్డా, ఆకా, వెదురా), ఎలా ఆరింది. ఎవరు పెట్టారు అని అడగలేదు. రెండు వారాల తర్వాత అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

ఇందులో మాకు తగిలిన మొట్టికాయ కూడా ఉంది. నడిచి చూస్తే మా మచ్చల మ్యాపు చాలాచోట్ల తప్పు. శాటిలైట్ కాలిందని చెప్పిన ఒక గట్టు మీద ఏమీ కాలలేదు, టేకు ఆకు మొత్తం రాలి, కింద నల్లరాయి బయటపడింది, అంతే. ఇంకోచోట ఫిబ్రవరి మొదట్లో నిజంగానే కాలింది. తాత వంగి పైన పరుచుకున్న ఎండుటాకుని చేత్తో పక్కకి తోశాడు, కింద వేలు మందాన బూడిద. కాలిన తర్వాత మళ్లీ ఆకు రాలి మూసేసింది, పై నుంచి చూస్తే అసలు మంట రానట్టే ఉంది. ఎండుటాకు అడవిలో మంట చాలాసార్లు మోకాలెత్తు కూడా లేవదు, చెట్ల తలలు కాలవు, కాబట్టి అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో కాలిన మచ్చలు కొలిచే లెక్కని తెచ్చి ఇక్కడ పెడితే పొరపాట్లు వస్తాయి. మా రీసెర్చర్ అక్కడే బండ మీద కూర్చుని థ్రెషోల్డ్, అంటే కాలిందా లేదా అని తేల్చే అంకె హద్దు, మార్చుకున్నాడు. చివరికి వాళ్లు రాసిన పేపర్ ఈ ఆకు రాలే టైము గురించే.

ఎక్కడ కాదు, ఎప్పుడు

ఐదుగురు వాచర్లని ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. దానికి జవాబు మ్యాపులో లేదని మాకు తెలియడానికి మొదటి సీజన్ మొత్తం పట్టింది. నల్లమలలో నిప్పు దాదాపు ఎప్పుడూ మనిషి చేతిదే. పిడుగుతో అంటుకున్నది ఆ రెండేళ్లలో ఒక్కటీ నేను వినలేదు. మనిషిది అయినప్పుడు దానికి ఒక క్రమం ఉంటుంది. శివరాత్రికి శ్రీశైలం నడిచే భక్తులు దారిలో వండుకుంటారు, బీడీ పారేస్తారు. ఫిబ్రవరి, మార్చిలో తునికి చిగురు బాగా రావాలని పొదలు కొడతారు, కొన్నిచోట్ల కాలుస్తారు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, పువ్వు కనపడాలని చెట్టు కింద ఆకు కాలుస్తారు. పశువుల వాళ్లకి లేత గడ్డి కావాలి. చైత్ర పున్నమికి సలేశ్వరం జాతర, వేల మంది లోయలోకి దిగుతారు.

ఇది సెక్షన్ ఆఫీసర్లందరికీ తెలుసు, కానీ ఎవరి తలలో వాళ్లకే ఉంది. దాన్ని శాటిలైట్ చుక్కల తేదీలతో పక్కపక్కన పెట్టి చూస్తే చుక్కలు సరిగ్గా ఆ వారాల్లోనే, ఆ దారుల వెంటే గుంపులు కట్టాయి. రెండో సీజన్‌కి రిస్క్ మ్యాపు పక్కన పడేసి ఒక పేజీ క్యాలెండర్ వేశాం. ఏ వారం, ఏ దారి, ఏ ఇప్పచెట్ల తోపు, ఎంతమంది, అంతే. రేంజ్ ఆఫీసర్ దాన్ని టేబుల్ అద్దం కింద పెట్టుకున్నాడు. ఆయన టేబుల్ అద్దం కింద అప్పటిదాకా ఉన్నది వెంకటేశ్వరస్వామి ఫోటో, ఫోన్ నంబర్లు మాత్రమే, కాబట్టి అది మాకు చిన్న గౌరవం కాదు.

క్యాలెండర్ వల్ల ఫైర్ లైన్ల సంగతి కూడా బయటపడింది. లైన్ అంటే దారి వెంట గడ్డి, ఆకు తీసేసి మంట దాటకుండా చేసే ఖాళీ పట్టీ. ఎస్టిమేట్ ప్రకారం కిలోమీటరుకి ఇంత అని ఒకసారే బిల్లు. కాబట్టి జనవరి మొదట్లో చేసేస్తారు. కానీ ఆకు రాలడం మార్చి దాకా ఆగదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఇనుప చట్రం లైన్ మీద వేసి, అందులో పడ్డ ఆకుని ఎండబెట్టి వారం వారం తూకం వేశాం. వాచర్లు నవ్వుకున్నారు, చెత్త తూకం వేస్తున్నారని. జనవరిలో అద్దంలా ఊడ్చిన లైన్ మీద ఫిబ్రవరి చివరికి మంట హాయిగా దాటేంత ఆకు ఉంది. వాచర్లకి ఇది ముందే తెలుసు, వాళ్ల మాటకి ఎస్టిమేట్‌లో చోటు లేదు, తూకం చీటీకి ఉంది. రేంజ్ ఆఫీసర్ ఆ చీటీలు జత చేసి, పనిని రెండు భాగాలుగా రాశాడు: జనవరిలో గడ్డి కోత, ఫిబ్రవరి చివర్లో బ్లోయర్లతో మళ్లీ ఆకు ఊదడం, ముందు భక్తుల దారి, తర్వాత ఇప్పతోపులు, మిగతావి వీలైతే. అది పాసవుతుందని మేమెవరం అనుకోలేదు. పాసైంది.

తేలని మాట

అన్నీ ఇంత సులువుగా కుదరలేదు. తాత ఒక సాయంత్రం అన్నాడు, "ఆకు సగం పచ్చిగున్నప్పుడే కొంచెం కొంచెం కాల్చుకుంటూ పోతే ఎండల్లో ఇంత మంట రాదు కదా, మీరు కాల్చనియ్యరు, అందుకే ఈ ముళ్ల కంప పెరిగె." ముళ్ల కంప అంటే లాంటానా. ఇది ఆయన ఒక్కడి మాట కాదు. కర్ణాటకలో బిళిగిరి రంగన బెట్ట అడవుల్లో సోలిగలు ఎన్నో ఏళ్లుగా ఇదే చెబుతున్నారు, ముందుగా పెట్టే చిన్న ఆకుమంటలు ఆపేశాకే లాంటానా పెరిగిందని, ఉసిరి చెట్ల మీద బదనిక కూడా పెరిగిందని. అటు 2005లో అంకిలా హిరేమత్, భరత్ సుందరం వేరే వైపు నుంచి ఒక ప్రతిపాదన పెట్టారు: మంట లాంటానాకి చోటిస్తుంది, ఎండిన లాంటానా పెద్ద మంటకి కట్టెలిస్తుంది, ఇలా రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయని. ఈ రెండు మాటలకీ మధ్య ఉన్నది మంట ఏ నెలలో, ఎంత వేడితో, ఎన్నేళ్లకోసారి అన్న తేడా.

రేంజ్ ఆఫీసర్ మమ్మల్ని సూటిగా అడిగాడు, కాల్చాలా వద్దా? మా రీసెర్చర్ సూటిగానే చెప్పింది, ఈ అడవి విషయంలో తేలలేదు సార్, తేల్చాలంటే కొన్ని ప్లాట్లు కాల్చి, కొన్ని వదిలి ఏళ్ల తరబడి చూడాలి, దానికి అనుమతి మీ చేతిలో లేదు, మా చేతిలోనూ లేదు. నేను లోపల భయపడ్డాను, జవాబు లేదంటే మళ్లీ మొదటి మీటింగ్ లాగే అవుతుందేమో అని. కాలేదు. ఆయన తలూపి, "తెలియదని చెప్పిన సైంటిస్టుని ఇదే చూడటం" అన్నాడు. తాత మాత్రం ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోడు.

అగ్గిపుల్లల పలక

శిక్షణలో స్లైడ్లు మానేశాక మేం చేసిన వాటిలో ఒకటి చెప్పాలి. రెండు చెక్క పలకలు, వాటి మీద బంకమట్టి పరిచి వరసగా అగ్గిపుల్లలు గుచ్చాం. ఒకటి నేల మీద చదునుగా, ఒకటి ఇటుక ఆసరాతో వాలుగా. రెండిటికీ ఒక చివర నిప్పు పెట్టాం, వాలు దానికి కింది చివర. చదును పలక మీద మంట ఒక్కో పుల్లకే పాకుతూ మధ్యలో ఆరిపోయింది. వాలు పలక మీద బుస్సుమని రెండు క్షణాల్లో పైకి పోయింది. ఎగువన ఉన్న పుల్లల మీదికి మంట వంగి, అవి అంటుకోకముందే వాటిని కాచి ఎండబెడుతుంది, కాబట్టి వేగం. ఆస్ట్రేలియా వాళ్ల మోటు లెక్క ఒకటుంది, వాలు 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం ఇంచుమించు రెట్టింపు. 2018 మార్చిలో తమిళనాడు కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి పోయినవాళ్లు 20 మందికి పైగా మంటల్లో చనిపోయిన సంగతి అక్కడే చెప్పాం. ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

రెండో సీజన్ మార్చిలో ఒక రోజు. పన్నెండు దాటాక బేస్ క్యాంపు నుంచి పొగ కనిపించిందని సెట్‌లో చెప్పారు, శాటిలైట్ మెసేజ్ ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. మంట లొద్ది అడుగున ఉంది, మన టీమ్ గట్టు మీద. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు బ్లోయర్లు వీపున వేసుకుని దిగి కొడదాం అన్నారు, దిగితే దగ్గరే. ఆ పాతికేళ్ల బీట్ ఆఫీసర్, మొదటి మీటింగ్‌లో మమ్మల్ని అడిగినవాడే, సెట్‌లో అరిచాడు: "దిగొద్దు, పలక, పలక గుర్తు చేసుకోండ్రి!" వెనక్కి వచ్చేశారు. అవతలి వైపు నుంచి తిరిగి వాగు దగ్గరికి చేరి, రాత్రి ఏడు దాకా ఊరికే కూర్చున్నారు. అడవి కాలుతుంటే కూర్చోవడం ఎంత కష్టమో నేను అక్కడ ఉండి చూశాను. కానీ సన్న ఆకు, గడ్డి గాలిలో తేమని గంటలోపే పీల్చుకుంటాయి. తాత మధ్యమధ్యలో గుప్పెడు టేకాకు తీసి చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాడు. నాలుగింటికి అప్పడం లాగా పటపటమంది. ఏడింటికి నలిపితే మెత్తగా ముడుచుకుంది. "ఇగ లేవండ్రి" అన్నాడు. నా చేతిలోని తేమ మీటరు కూడా అదే మాట చెప్పింది, కాస్త ఆలస్యంగా.

బ్లోయర్లతో ఆకు ఊది పట్టీ చేసి, దాని అంచు నుంచి ఎదురుమంట పెట్టి, పచ్చి మండలతో కొట్టి రాత్రి పదకొండుకి ఆర్పేశారు. అందరూ పడుకున్నారు. పొద్దున చూస్తే అర్ధరాత్రి దాటాక మళ్లీ ఒక చుక్క పడింది. బీట్ ఆఫీసర్‌కి విసుగు, "మళ్లీ తప్పుడు మెసేజ్ సార్" అంటూనే వెళ్లాడు. ఆ గడిలోనే పడిపోయిన రెండు నల్లమద్ది మాన్లు, ఒక తొర్ర చెట్టు లోపల నిప్పుతో ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం గాలి లేస్తే కొండంతా మళ్లీ మొదటికి వచ్చేది. వాటిని ఆర్పడానికి నీళ్లు మోసి సగం రోజు పట్టింది. ఆ తర్వాత ఆ బీట్‌లో మెసేజ్‌ని తప్పుడుది అనడం నేను వినలేదు.

మంటలు తగ్గాయా అని అందరూ అడుగుతారు. రెండో ఏడాది చుక్కలు తగ్గాయి. కానీ ఆ ఏడాది మార్చిలో రెండుసార్లు వాన పడింది, అందుకని మా పని వల్ల తగ్గాయని రిపోర్టులో రాయడానికి నేను ఒప్పుకోలేదు, దాని మీద డబ్బులిచ్చినవాళ్లకి కొంచెం కోపమొచ్చింది.

మూడో ఏడాది మా కాంట్రాక్టు లేదు. రేంజ్ ఆఫీసర్‌కి ట్రాన్స్‌ఫర్ అయింది, కొత్తాయనకి క్యాలెండర్ ఫైలు ఎక్కడుందో తెలియదు, నాకు ఫోన్ చేసి అడిగితే పంపాను. రెండు భాగాల ఎస్టిమేట్ ఆ ఏడాది మళ్లీ ఒకే భాగం అయిపోయింది. గోడల మీది మ్యాపులు మాత్రం అలాగే ఉన్నాయి. మొన్న జనవరిలో తాత మనవడి ఫోన్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మ్యాపులో రెండు పేర్లు పక్కపక్కకి మారిపోయాయట, అవి సరిచేయాలి. ఇంకోటి, ఎగువ కుంట ఎండిపోయి రెండేళ్లయింది, దాని మీద నీళ్ల గుర్తు తీసేయమన్నాడు, మంట రోజు ఎవరైనా నమ్మి క్యాన్లు పట్టుకుని అక్కడికి పోతారని.